వేరుతో జతకట్టే సూక్ష్మజీవులు: పొలంలో, కుండీలో వాటిని నిలబెట్టుకోవడం ఎలా?

పూతకు వచ్చిన పెసర మొక్కనో, వేరుశనగ మొక్కనో జాగ్రత్తగా తవ్వి తీసి వేళ్లు కడిగి చూస్తే, వాటికి అంటుకుని చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపు కనిపించిందంటే, గాలిలో 78 శాతం ఉన్న నత్రజనిని అక్కడి బ్యాక్టీరియా మొక్కకు పనికొచ్చే రూపంలోకి మారుస్తోందన్న మాట. ఇదే పని ఎరువుల ఫ్యాక్టరీలో జరగాలంటే 400 డిగ్రీల పైన వేడి, మామూలు గాలి ఒత్తిడికి వంద రెట్లకు మించిన ఒత్తిడి కావాలి. వేరు లోపల అది మామూలు నేల వేడికే జరిగిపోతుంది.

ఇలా వేరుతో కలిసి బతుకుతూ మొక్కకు మేలు చేసే జీవులు చాలానే ఉన్నాయి. సాగుకు బాగా అక్కరకొచ్చేవి రెండు. ఒకటి, పప్పుజాతి మొక్కల వేళ్లలో బుడిపెలు కట్టే రైజోబియం బ్యాక్టీరియా. రెండోది, చాలా పంటల వేళ్లలోకి చొచ్చుకెళ్లి భాస్వరం తెచ్చిపెట్టే మైకోరైజా శిలీంధ్రం. ఇక్కడ ముఖ్యంగా ఈ రెండింటి గురించే చెబుతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జీవన ఎరువు ప్యాకెట్, అంటే బతికున్న ఈ జీవులను నింపి అమ్మే కల్చర్, కొనడం చివరి పని. ముందు వేరు చూడాలి, తర్వాత ఆ జీవులకు అడ్డుపడుతున్నవి తొలగించాలి, అప్పటికీ లోటు ఉంటేనే బయటి నుంచి తేవాలి. ఈ వరుస తప్పితే మంచి కల్చర్ తెచ్చినా వృథా అవుతుంది. తర్వాత "ఇవన్నీ పనిచేయవు" అనే మాట మిగులుతుంది.

1. మీ మొక్క ఎవరితో జతకడుతుందో తెలుసుకోండి

రైజోబియం పప్పుజాతి మొక్కలకే. వరికి, టమాటాకు, మిరపకు అది బుడిపెలు కట్టదు. పప్పుజాతిలోనూ ఒకే రకం బ్యాక్టీరియా అన్నిటికీ సరిపోదు. పెసర, మినుము, కంది, అలసంద, వేరుశనగ అంత పట్టింపు ఉన్న పంటలు కావు. నేలలో సహజంగా ఉండే బ్రాడీరైజోబియం రకాలు చాలావరకు వీటికి సరిపోతాయి. శనగకు దాని సొంత మీసోరైజోబియం కావాలి. బఠాణీకి, మసూర్‌కు ఇంకో రకం. సోయాబీన్ ఎన్నడూ వేయని నేలలో దాని బ్యాక్టీరియా సాధారణంగా ఉండదు కాబట్టి, మొదటిసారి వేసేటప్పుడు కల్చర్ పట్టించకపోతే బుడిపెలు సరిగా రావు. అందుకే ప్యాకెట్ మీద "రైజోబియం" అని ఉంటే చాలదు. ఏ పంటకు అనేది కూడా రాసి ఉండాలి.

మైకోరైజా వ్యవహారం దీనికి పూర్తిగా భిన్నం. భూమ్మీది మొక్కల్లో మూడింట రెండొంతులకు పైగా దీనితో జతకడతాయి. మొక్కజొన్న, జొన్న, ఉల్లి, మిరప, టమాటా, పత్తి, అరటి, కర్రపెండలం, నిమ్మజాతి చెట్లు, పప్పుజాతి పంటలు అన్నీ ఆ లెక్కలోవే. ఉల్లి, కర్రపెండలం లాంటి వాటికి మొద్దుబారిన వేళ్లు, తక్కువ వేరునూగు. కాబట్టి ఈ శిలీంధ్రం మీద మరీ ఆధారపడతాయి.

జతకట్టనివీ ఉన్నాయి. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవాల కుటుంబం ఒకటి. పాలకూర, బీట్‌రూట్, తోటకూర కుటుంబం మరొకటి. వీటికి మైకోరైజా పొడి వేయడం డబ్బు దండగ, నిక్కచ్చిగా చెబుతున్నాను. పైన్ చెట్లకు కావలసిన శిలీంధ్రాలు వేరే జాతివి. పంటలకు అమ్మే పొడి వాటికి పనికిరాదు.

సరుగుడు చెట్టుది ఇంకో దారి. అది పప్పుజాతి కాకపోయినా ఫ్రాంకియా అనే సూక్ష్మజీవితో కలిసి నత్రజనిని స్థిరీకరిస్తుంది. దాని వేరు బుడిపెలు గుత్తులు గుత్తులుగా ఉంటాయి. సరుగుడు నారు పెంచేవాళ్లు ఆరోగ్యంగా ఉన్న పెద్ద చెట్టు కింద ఇలాంటి తాజా గుత్తులు తీసి, కడిగి, నూరి, నీళ్లలో కలిపి నారు మొదళ్లలో పోస్తే సరిపోతుంది.

2. వేరు తవ్వి చూడండి

ఈ అడుగు మీద నాకు పట్టుదల ఎక్కువ. పైన ఆకు పచ్చగా ఉన్నా, పసుపు పచ్చగా ఉన్నా, కింద ఏం జరుగుతోందో వేరును చూస్తేనే తెలుస్తుంది.

విత్తనం మొలిచిన రెండు మూడు వారాలకు బుడిపెలు కంటికి ఆనతాయి. అసలు పరీక్షకు పూత మొదలయ్యే సమయం మంచిది. అప్పుడవి మంచి జోరు మీద ఉంటాయి. కాయలో గింజ నిండే దశకు వచ్చేసరికి మొక్క తన చక్కెరలన్నీ గింజకే మళ్లిస్తుంది కాబట్టి బుడిపెలు ముసలివైపోతాయి. ఆ దశలో చూసి "అన్నీ చచ్చిపోయాయి" అని కంగారు పడొద్దు.

మొక్కను పట్టి పీకకండి. పీకితే బుడిపెలు మట్టిలోనే తెగి ఉండిపోతాయి. మొక్క చుట్టూ జానెడు దూరంలో పలుగో పారో దింపి, మట్టిపెళ్లతో సహా పైకి లేపండి. ఆ పెళ్లను బకెట్ నీళ్లలో పది పదిహేను నిమిషాలు నాననివ్వండి. తర్వాత నీళ్లలోనే మెల్లగా ఊపితే మట్టి జారిపోతుంది. తెగిపోయిన బుడిపెలు కూడా అడుగున దొరుకుతాయి. పొలంలో ఒకే చోట కాకుండా బాగున్న చోట, బాగాలేని చోట, మెరకలో, పల్లంలో కొన్ని మొక్కలు చొప్పున తీసి పోల్చండి.

మొదట చూడాల్సింది, అవి నిజంగా బుడిపెలేనా అని. నులిపురుగులు పట్టిన వేళ్లకూ ఉబ్బులు వస్తాయి. తేడా తేలిక. రైజోబియం బుడిపె వేరు పక్కన అతికించినట్టు ఉంటుంది, వేలితో రాస్తే ఊడి వస్తుంది. నులిపురుగు ఉబ్బులో వేరు తానే లావెక్కి ఉంటుంది, ఆ ఉబ్బును వేరు నుంచి విడదీయలేరు. ఈ రెండింటినీ ఒకటే అనుకుని నులిపురుగుల పొలాన్ని చూసి సంబరపడే ప్రమాదం ఉంది కాబట్టి రాసి చూడడం మరవొద్దు.

తర్వాత, అవి ఎక్కడ ఉన్నాయో గమనించండి. విత్తనానికి కల్చర్ పట్టిస్తే పెద్ద బుడిపెలు తల్లివేరు పై భాగంలో, మొదలుకు దగ్గరగా గుంపుగా వస్తాయి. పక్కవేళ్ల మీద దూరదూరంగా, చిన్నవిగా ఉంటే అవి చాలావరకు నేలలో ముందే ఉన్న బ్యాక్టీరియా కట్టినవి. వేరుశనగలో ఒక విశేషం చూడండి. దాని బుడిపెలు పక్కవేరు పుట్టుకొచ్చే మూలల్లోనే ఉంటాయి. మిగతా పంటల్లో చాలావాటికి బ్యాక్టీరియా వేరునూగు గుండా లోపలికి వెళ్తుంది. వేరుశనగలో మాత్రం పక్కవేరు బయటికి వచ్చేటప్పుడు పడే చీలిక గుండా దూరుతుంది.

ఇప్పుడు బ్లేడుతో బుడిపెను అడ్డంగా కోయండి. కోసిన వెంటనే రంగు చూడాలి, ఆలస్యం చేస్తే గాలి తగిలి నల్లబడుతుంది.

గులాబీ రంగో, ముదురు ఎరుపో ఉంటే పని జరుగుతోంది. ఈ రంగు లెగ్‌హిమోగ్లోబిన్‌ది. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఇది చుట్టమే. నత్రజనిని స్థిరీకరించే ఎంజైమ్ ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. అయితే అదే బ్యాక్టీరియాకు ఊపిరి పీల్చడానికి ఆక్సిజన్ కావాలి. లెగ్‌హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకుని బ్యాక్టీరియాకు కొంచెం కొంచెంగా అందిస్తూ ఈ చిక్కు విప్పుతుంది. లోపల తెల్లగా ఉంటే అది ఇంకా లేత బుడిపె కావొచ్చు, లేదా మొక్క తిండి తింటూ పనిచేయని రకం బ్యాక్టీరియా కావొచ్చు. వారం పది రోజుల తర్వాత మళ్లీ చూస్తే ఏదో తేలిపోతుంది. ఆకుపచ్చగా ఉంటే వయసు మళ్లింది. గోధుమ రంగులో మెత్తబడి ఉంటే పని ముగిసింది.

బఠాణీ లాంటి పంటల్లో బుడిపె పొడవుగా పెరుగుతుంది. అందులో కొన తెల్లగా, నడుమ గులాబీగా, వేరు వైపు ఆకుపచ్చగా ఒకే బుడిపెలో మూడు రంగులూ కనిపించవచ్చు. అది రోగం కాదు. అలసంద, సోయా, వేరుశనగల్లో బుడిపె గుండ్రంగా ఉండి, ఒకే వయసులో ఉంటుంది.

మైకోరైజా మాత్రం మామూలు కంటికి కనిపించదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

3. అడ్డంకులు తీసేయండి

మొక్క ఈ జీవులను ఊరికే పోషించదు. కిరణజన్య సంయోగక్రియతో తయారుచేసుకున్న చక్కెరల్లో చెప్పుకోదగ్గ వాటా వాటికి ఇస్తుంది. మైకోరైజాకే 4 నుంచి 20 శాతం దాకా వెళ్తుందని లెక్క. అందుకే నేలలో నత్రజని, భాస్వరం తేరగా దొరుకుతుంటే మొక్క ఆ ఖర్చు మానేస్తుంది. గుమ్మం ముందే కుళాయి ఉంటే బావి దాకా ఎవరూ వెళ్లరు.

దీన్నిబట్టి మీరు చేయాల్సినవి:

పప్పుజాతి పైరుకు యూరియా దండిగా వేయకండి. బుడిపెలు పనిలోకి దిగే వరకు మొలకకు ఆసరాగా కొద్దిగా, హెక్టారుకు 20 కిలోల లోపు నత్రజని, అదీ నేల మరీ నిస్సారమైనదైతేనే. పైరు పసుపు పచ్చగా ఉందని మూడో వారంలో యూరియా చల్లేస్తే అప్పుడే కడుతున్న బుడిపెలు ఆగిపోతాయి. కొత్త మొలకలు విత్తనంలోని నిల్వ అయిపోయి, బుడిపెలు ఇంకా అందుకోని రోజుల్లో కాస్త పాలిపోవడం మామూలే. టెన్షన్ పడకుండా వేరు తవ్వి చూసి, బుడిపెలు ఎర్రబడుతుంటే ఆగండి.

భాస్వరంలో మాత్రం రెండు జీవుల అవసరాలు వేర్వేరు. బుడిపెలకు భాస్వరం బాగా కావాలి, అది తక్కువైతే నత్రజని స్థిరీకరణ కుంటుపడుతుంది. మైకోరైజా మాత్రం భాస్వరం ఎక్కువైన నేలలో వేరులోకి రావడం తగ్గిస్తుంది. కాబట్టి భూసార పరీక్ష చేయించి, లోటు ఉన్నంత మేరకే వేయాలి. ఏళ్ల తరబడి మోతాదుకు మించి వేసిన పొలాల్లో కొన్నాళ్లు భాస్వరం ఆపి చూడడం మంచిది.

నేల పీహెచ్ 6 నుంచి 7.5 మధ్య ఉంటే రైజోబియంకు హాయి. బాగా ఆమ్లంగా ఉంటే బ్యాక్టీరియా సంఖ్య పడిపోతుంది, మాలిబ్డినం కూడా మొక్కకు అందదు. నత్రజని ఎంజైమ్ నిర్మాణంలో మాలిబ్డినం, ఇనుము రెండూ ఉంటాయి కాబట్టి ఈ లోటు నేరుగా బుడిపె మీదే పడుతుంది. ఆమ్ల నేలకు సున్నం వేస్తే సమస్య చాలావరకు సర్దుకుంటుంది.

నీరు నిలవనివ్వకండి. నీట మునిగిన నేలలో బుడిపెకు గాలి ఆడదు. మరీ ఎండినా బుడిపెలు రాలిపోతాయి.

4. కల్చర్ నిజంగా అవసరమా?

కింది సందర్భాల్లో రైజోబియం కల్చర్ కొనడం లాభమే: ఆ పంట ఆ నేలలో ఎన్నడూ వేయలేదు, లేదా వేసి చాలా ఏళ్లయింది, నేల ఆమ్లంగానో, చౌడుగానో ఉంది, పొలం చాలాకాలం నీట మునిగి ఉంది, గత పంటలో బుడిపెలు తక్కువగానో, లోపల తెల్లగానో కనిపించాయి. ఏటా అదే పంట వేస్తూ, వేళ్ల నిండా ఎర్రటి బుడిపెలు ఉన్న చోట కొత్త కల్చర్ వల్ల పెద్ద తేడా ఉండదు. నేలలో పాతుకుపోయిన బ్యాక్టీరియా కొత్తవాటిని వేరు దగ్గరికి రానివ్వదు.

ప్యాకెట్ కొనేటప్పుడు పంట పేరు, తయారైన తేదీ, గడువు తేదీ, గ్రాముకు లేదా మిల్లీలీటరుకు ఎన్ని బతికిన కణాలు ఉన్నాయన్న సంఖ్య చూడండి. పది పదిహేను రకాల జీవులు ఒకే సీసాలో ఉన్నాయని రాసిన వాటిని నేను నమ్మను. ఒక్కొక్క జీవికి కావలసిన తేమ, ఆహారం, నిల్వ వేర్వేరు. అన్నీ ఒకే చోట నెలల తరబడి బతికి ఉండడం కష్టం. ప్యాకెట్ ఎండలో పెట్టి అమ్ముతుంటే తేదీ ఎంత కొత్తదైనా తీసుకోకండి.

కొన్నది బతికే ఉందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. ఇసుకను బాగా కడిగి, నీళ్లలో ఉడకబెట్టి చల్లార్చండి. శుభ్రమైన రెండు కుండీల్లో నింపండి. మందు పూయని విత్తనాలు తీసుకుని ఒక కుండీలో ఉత్త విత్తనం, రెండో దానిలో కల్చర్ పట్టించిన విత్తనం వేయండి. ముందు ఉత్త విత్తనం కుండీలో పని ముగించి, తర్వాతే కల్చర్ ముట్టుకోండి. లేకపోతే చేతుల ద్వారా అది ఇటు వచ్చేస్తుంది. నత్రజని ఎరువు ఏదీ వేయకుండా, కాచి చల్లార్చిన నీళ్లు పోస్తూ, కుండీలు కొంచెం ఎడంగా పెట్టి నాలుగు వారాలు పెంచండి. ఆ తర్వాత వేళ్లు కడిగి చూడండి. కల్చర్ కుండీలో బుడిపెలు ఉండి రెండో దానిలో లేకపోతే మీ ప్యాకెట్ మంచిదే. రెండింటిలోనూ లేకపోతే చచ్చిన సరుకు. విత్తే కాలానికి నెలా నెలన్నర ముందే కల్చర్ తెచ్చుకునే వీలుంటే ఈ పరీక్ష తప్పకుండా చేయండి.

5. విత్తనానికి పట్టించడం

విత్తే రోజు, నీడలో చేయాలి. ఎండ, ఆరిపోవడం, రసాయనాలు, ఈ మూడూ బ్యాక్టీరియాకు శత్రువులు.

మామూలుగా 200 గ్రాముల పొడి కల్చర్ 8 నుంచి 10 కిలోల విత్తనానికి సరిపోతుంది. గింజ సైజును బట్టి ఇది మారుతుంది కాబట్టి ప్యాకెట్ మీద రాసిన మోతాదే అంతిమం. అరలీటరు నీళ్లలో 50 గ్రాముల బెల్లమో, చక్కెరో కరిగించి, కాచి, పూర్తిగా చల్లార్చండి. ఇది జిగురుకోసం. వేడిగా ఉన్నప్పుడు కల్చర్ కలిపితే అక్కడితో కథ ముగుస్తుంది, కాబట్టి చేయి పెట్టి చల్లదనం చూసుకోండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ముందు రోజు రాత్రే వెడల్పాటి గిన్నెలో పట్టి పెట్టండి. కొన్నిచోట్ల నీటిలో క్లోరమైన్ కలుపుతారు. అది ఇలా నిలవ ఉంచితే పోదు, అలాంటప్పుడు వాననీరో బావినీరో వాడుకోండి.

చల్లారిన ద్రావణంలో కల్చర్ కలిపి చిక్కటి జావలా చేయండి. విత్తనాలను శుభ్రమైన గోనె మీదో, ప్లాస్టిక్ పట్టా మీదో పోసి, ఈ జావ కొద్దికొద్దిగా పోస్తూ చేతులతో మెల్లగా కలపండి. ద్రావణం అంతా పోయాలని లేదు. ప్రతి గింజకూ పల్చటి పూత పట్టి, తడి కారకుండా ఉంటే చాలు. వేరుశనగ గింజ పైపొర చాలా సున్నితం, గట్టిగా రుద్దితే ఊడి మొలక దెబ్బతింటుంది. దాన్ని పళ్లెంలో పోసి పళ్లేన్నే ఊపుతూ కలపండి.

నీడలో పల్చగా పరిచి, గింజలు ఒకదానికొకటి అంటుకోనంత వరకు ఆరనిచ్చి, అదే రోజు తేమ ఉన్న నేలలో విత్తండి. పొడి దుక్కిలో వేసి వాన కోసం ఎదురుచూస్తే బ్యాక్టీరియా ఎక్కువకాలం బతకదు. విత్తనాన్ని, ఎరువును ఒకే గొట్టంలో కలిపి వేయకండి. ఎరువు లవణాలు, సూపర్ ఫాస్ఫేట్‌లోని ఆమ్లత్వం కల్చర్‌ను చంపేస్తాయి.

తెగుళ్ల మందు, పురుగుమందు కూడా పట్టించాల్సి వస్తే వరుస ఇది: మొదట శిలీంధ్రనాశిని, అది ఆరాక పురుగుమందు, చివరగా, విత్తే ముందు రైజోబియం. రాగి ఉన్న మందులు బ్యాక్టీరియాకు బాగా హాని చేస్తాయి. విత్తనానికి తప్పనిసరిగా ఘాటైన మందు వేయాల్సిన పరిస్థితి ఉంటే, కల్చర్‌ను విత్తనానికి పట్టించకుండా చివికిన కంపోస్టులో కలిపి, తేమ ఉన్న సాలులో చల్లుకోండి. అప్పుడు కల్చర్ మోతాదు పెంచాలి.

ఆమ్ల నేలల్లో పూత పూసిన గింజ మీద మెత్తటి సున్నపురాయి పొడి, అంటే కాల్షియం కార్బొనేట్, అద్దుకోవచ్చు. గోడలకు వేసే సున్నం మాత్రం వాడొద్దు. అది బ్యాక్టీరియాను కాల్చేస్తుంది.

6. మైకోరైజా: వేరుకు తగిలేలా పెట్టాలి

1885లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ చెట్ల వేళ్లకు అంటుకుని ఉన్న శిలీంధ్రం రోగం కాదని, అది చెట్టుకు తిండి అందిస్తోందని చెప్పి దానికి మైకోరైజా అని పేరు పెట్టారు. చాలామంది అప్పట్లో ఒప్పుకోలేదు. స్కాట్లండ్‌లో రైనీ అనే చోట దొరికిన 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కల శిలాజాల్లో ఈ శిలీంధ్రం ఆనవాళ్లు ఉన్నాయి. మొక్కలకు ఇంకా సరైన వేళ్లే లేని కాలం అది.

దీని పనితీరు తెలిస్తే ఎక్కడ వేయాలో దానంతట అదే తెలుస్తుంది. భాస్వరం మట్టి రేణువులను గట్టిగా పట్టుకుని ఉంటుంది, నీటితో పాటు కదిలి రాదు. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది పీల్చేశాక అక్కడ ఖాళీ ఏర్పడుతుంది. శిలీంధ్రం పోగులు వేరునూగు కంటే చాలా సన్నవి. అవి ఆ ఖాళీని దాటి కొన్ని సెంటీమీటర్ల దూరం మట్టి సందుల్లోకి వెళ్లి భాస్వరం, జింకు తెస్తాయి. అయితే ఈ శిలీంధ్రం బతికిన వేరు లేకుండా పెరగలేదు. పొడిలో ఉన్న బీజాలు మొలకెత్తి, దగ్గర్లో వేరు దొరక్కపోతే చచ్చిపోతాయి. అందుకే దీన్ని పొలమంతా పైపైన చల్లడం, ఆకుల మీద పిచికారీ చేయడం వృథా.

నారు పోసే దశ దీనికి సరైన సమయం. ట్రేలో నింపే మిశ్రమంలో కలిపితే మొలకెత్తిన మొదటి వేరుకే శిలీంధ్రం తగులుతుంది. అప్పటికే పెరిగిన నారైతే, నాటే గుంతలో ఒక చెంచాడు పొడి వేసి, దాని మీదే వేరు ఆనేలా నాటండి. కుండీ మొక్కలకు కుండీ మార్చేటప్పుడు వేళ్లకు అద్దండి. భాస్వరం ఎక్కువున్న రెడీమేడ్ మిశ్రమం నింపితే మాత్రం ఎంత కల్చర్ వేసినా అంతంత మాత్రమే.

సొంతంగా తయారు చేసుకోవడమూ సాధ్యమే. దున్నకుండా వదిలేసిన చోట, ఆరోగ్యంగా ఉన్న గడ్డి, బహువార్షిక మొక్కల కింద, పైన జానెడు లోతు వరకు సన్న వేళ్లతో సహా మట్టి తీసుకోండి. మీరు ఏ పంటకు వాడాలనుకుంటున్నారో ఆ పంట కుటుంబపు మొక్కల కింద తీయొద్దు, దాని తెగుళ్లు వెంట వస్తాయి. వేళ్లకు ఉబ్బులు ఉన్న చోటు అసలే వద్దు. ఈ తెచ్చిన మట్టిని పక్కన పెట్టి, విడిగా ఇసుక రెండు పాళ్లు, మామూలు మట్టి ఒక పాలు కలిపి తడిపి, పారదర్శక ప్లాస్టిక్ షీటు కింద నడి ఎండల్లో నాలుగు నుంచి ఆరు వారాలు పెడితే అందులోని రోగకారకాలు చాలావరకు పోతాయి. ఈ శుభ్రమైన మిశ్రమాన్ని కుండీల్లో నింపి, తెచ్చిన మట్టిని నడిమధ్య పొరగా వేసి, పైన మొక్కజొన్నో జొన్నో విత్తండి. పక్కన రెండు ఉల్లి మొక్కలు ఉంటే ఇంకా మంచిది.

మూడు నాలుగు నెలలు పెంచండి. భాస్వరం లేని ఎరువును పల్చగా ఇస్తే చాలు. ఆకు కొద్దిగా ఊదారంగుకు తిరిగితే భాస్వరం కోసం మొక్క వెతుకుతోందని అర్థం, ఆ దశలోనే శిలీంధ్రం బాగా విస్తరిస్తుంది. చివరలో పది రోజులు నీళ్లు ఆపేయండి. మొక్క ఎండుతుంటే శిలీంధ్రం బీజాలు కడుతుంది. తర్వాత పైభాగం కోసేసి, వేళ్లను చిన్న ముక్కలుగా తరిగి, ఆ మట్టితోనే కలిపి, నీడలో ఆరబెట్టి సంచిలో దాచుకోండి. బీజాలు, పోగులు, వేరు ముక్కలు మూడూ అందులో ఉంటాయి. తర్వాతి సీజన్‌లోనే వాడేయడం మేలు.

ఇక కంటికి కనిపించని దీన్ని చూడడం ఎలా? స్కూల్లోనో కాలేజీలోనో మైక్రోస్కోపు అందుబాటులో ఉంటే ఫౌంటెన్ పెన్ను నల్ల సిరా, వెనిగర్‌తోనే పని జరుగుతుంది. ఈ పద్ధతిని శాస్త్రవేత్తలు 1998లో ప్రచురించారు. సన్న వేళ్లను 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఉడికించి రంగు పోగొట్టి, కడిగి, వెనిగర్‌లో 5 శాతం సిరా కలిపిన ద్రావణంలో మూడు నిమిషాలు మరిగించి, కొద్దిగా వెనిగర్ కలిపిన నీళ్లలో 20 నిమిషాలు ఉంచాలి. వేరు కణాల లోపల చెట్టు కొమ్మల్లా చీలిన ముదురు రంగు నిర్మాణాలు, పోగులు కనిపిస్తాయి. పొటాషియం హైడ్రాక్సైడ్ చర్మాన్ని, కళ్లను కాల్చేస్తుంది కాబట్టి ల్యాబ్‌లో, గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని, తెలిసినవారి సమక్షంలోనే చేయాలి.

7. వచ్చినవాటిని పోనివ్వకండి

మైకోరైజాకు ఎప్పుడూ ఏదో ఒక బతికిన వేరు కావాలి. పొలం నెలల తరబడి ఖాళీగా ఉంటే అది తగ్గిపోతుంది. పంటకు పంటకు మధ్య పచ్చిరొట్ట పైరో, కప్పు పంటో వేయండి. క్యాబేజీ, ఆవాలు వేసిన వెంటనే మైకోరైజా మీద బాగా ఆధారపడే ఉల్లి, మొక్కజొన్న వేస్తే మొదట్లో ఎదుగుదల మందగించవచ్చు. మధ్యలో ఒక పప్పుజాతి పైరు పడితే కోలుకుంటుంది. లోతు దుక్కి పదే పదే చేస్తే పోగుల వల తెగిపోతుంది, అవసరమైనంతే దున్నండి.

పప్పు పంట వేస్తే నేలకు నత్రజని దానంతట అదే చేరిపోతుందన్న నమ్మకం బలంగా ఉంది. అందులో సగమే నిజం. స్థిరీకరించిన నత్రజనిలో పెద్ద వాటా గింజలోకి వెళ్లి కోతతో పొలం దాటిపోతుంది. మొక్కను వేళ్లతో సహా పీకి, రొట్ట అంతా బయటికి తరలిస్తే నేలకు మిగిలేది చాలా తక్కువ, కొన్నిసార్లు నష్టమే. పైభాగం కోసి వేళ్లను, ఆకును నేలలోనే వదిలితే అసలు లాభం. జనుము, జీలుగ లాంటివి పూత దశలో కలియదున్నితే కూడబెట్టిన నత్రజని మొత్తం మట్టికే చేరుతుంది.

వరి పొలాల్లో ఇదే పని అజొల్లా చేస్తుంది. ఆ చిన్న నీటి ఫెర్న్ ఆకు గదుల్లో నీలి ఆకుపచ్చ నాచు నివసిస్తూ నత్రజని ఇస్తుంది. ప్లాస్టిక్ షీటు పరిచిన గుంతలో జల్లించిన మట్టి, కొంచెం పశువుల ఎరువు, కాస్త సూపర్ ఫాస్ఫేట్ వేసి, పది సెంటీమీటర్ల నీళ్లు నిలిపి, సగం నీడలో పెంచితే పరిస్థితులు అనుకూలించినప్పుడు కొద్ది రోజుల్లోనే రెట్టింపవుతుంది. నాట్లకు ముందు మట్టిలో కలియదున్నండి, లేదా నాటాక పైరు మధ్య పెరగనిచ్చి తొక్కేయండి.

8. మీ నేలలో పనిచేసిందో లేదో తేల్చుకోండి

కల్చర్ వాడిన ప్రతిసారీ ఒక పట్టీ వాడకుండా వదలండి. పొలం మధ్యలో, మిగతా నేలలాగే ఉండే చోట, గట్టు పక్కన కాకుండా. కల్చర్ లేని విత్తనాన్ని ముందు విత్తి, తర్వాతే కల్చర్ విత్తనం వేయండి. గొర్రు గొట్టాల ద్వారా కలవకుండా ఉంటుంది. రెండు చోట్లా మిగతా ఎరువులు, నీళ్లు, కలుపు తీత ఒకేలా ఉండాలి. పూత సమయంలో రెండు చోట్లా వేళ్లు తవ్వి, బుడిపెలు తల్లివేరు మీద ఎన్ని, లోపల రంగు ఏమిటి అని ఒక పుస్తకంలో రాసుకోండి. కోత అప్పుడు రెండింటినీ విడివిడిగా నూర్చి తూకం వేయండి.

ఒక్క సీజన్ ఫలితాన్ని చూసి తీర్మానించకండి, వాన తేడాతోనే అంకెలు మారిపోతాయి. రెండు మూడు సీజన్లలోనూ పట్టీకి, మిగతా పొలానికి తేడా లేకపోతే, పట్టీలోని వేళ్లకూ ఎర్రటి బుడిపెలు నిండుగా ఉంటే, ఆ నేలలో కావలసిన బ్యాక్టీరియా ముందే ఉంది. అక్కడ ఆ పంటకు కల్చర్ ఆపేయవచ్చు. పంట మార్చినప్పుడో, పొలం వరదలో మునిగినప్పుడో మళ్లీ పట్టీ పెట్టి చూసుకోండి.